కొత్త మదర్‌బోర్డు: పట్టికలో చూడవలసినదేమి?

దర్శి ప్రాంతపు రైతుకు నీటి పంపకమును గూర్చి ఎవరును పాఠము చెప్పనక్కరలేదు. నాగార్జునసాగరు కుడికాలువనుండి దర్శి బ్రాంచి కాలువ, దానినుండి మేజర్లు, మేజర్లనుండి మైనర్లు, వానినుండి పంటబోదెలు చీలుచు పోవును. పెద్ద కాలువలో ఎంత నీరు పారుచున్నను తన తూమునుండి వచ్చినదే తన చేనికి దక్కునని రైతు ఎరుగును. ఒకే తూమును ఇద్దరు పంచుకొన్నచో ఇద్దరికిని ఒకేమారు నిండునీరు రాదనియు ఎరుగును. ఈ రెండు విషయములు తెలిసినవానికి డెస్క్‌టాప్ కంప్యూటరులోని మదర్‌బోర్డు సగము తెలిసినట్లే.

కొత్త మదర్‌బోర్డు అంగడికి రాకముందే దాని ఛాయాచిత్రములు, గుణముల పట్టికలు వెలువడును. వానిలో ప్రతి అంకెయు వెనుకటి బోర్డుకంటె పెద్దదిగానే కనబడును. విడిభాగములు కొని స్వయముగా కంప్యూటరును కూర్చుకొను విద్యార్థికి, పాఠశాల ప్రయోగశాలకు యంత్రములను ఎంపికచేయు ఉపాధ్యాయునికి ఈ పట్టికలే ఆధారము. కాని ఎంపిక తప్పినచో దిద్దుకొనుట కష్టము. జ్ఞాపకశక్తి చాలకున్న మరియొక మెమరీ పలకను చేర్చవచ్చును. డిస్కు చాలకున్న పెద్దది కొనవచ్చును. బోర్డును మార్చవలెనన్న యంత్రమునంతయు విప్పవలెను. ఉన్నతశ్రేణి బోర్డు ఒకదాని వెల, మార్కెట్టును బట్టి, రెండు మూడు క్వింటాళ్ల మిర్చి అమ్మిన సొమ్మునకు సమానము కావచ్చును. కావున పట్టికలోని అంకెలకు అర్థమేమో తెలిసికొనుట వేడుక మాత్రమే కాదు, అవసరము కూడ.

బోర్డు ఎట్లు పుట్టినది?

హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 1967లో స్థాపింపబడినది. దాని స్థాపనకు మూలపురుషుడు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన డాక్టరు అయ్యగారి సాంబశివరావుగారు. నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలినదియు ఆ సంవత్సరమే. 1969లో వెలువడిన టి.డి.సి. 12, అనగా ట్రాంబే డిజిటల్ కంప్యూటరు, ఈ సంస్థ పేరుతో ముడిపడిన తొలి కంప్యూటరు. ఆ కాలపు కంప్యూటర్లలో నేటి మదర్‌బోర్డు వంటి ఒకే పలక లేదు. బీరువా వంటి పెట్టెలో అనేకమైన చిన్న పలకలను వరుసగా నిలిపి, వాని వెనుక తీగలతో ఒకదానికొకటి కలిపెడివారు.

సూక్ష్మమైన సిలికాన్ చిప్పులో వేలకొలది ట్రాన్సిస్టర్లను ఇముడ్చుట సాధ్యమైన పిదప పలకల సంఖ్య తగ్గినది. 1981 ఆగస్టు 12న ఐ.బి.ఎం. సంస్థ తన పర్సనల్ కంప్యూటరును ప్రకటించినప్పుడు దానిలో ఒక ప్రధాన పలకయు, దానిపై 5 విస్తరణ గాడులును ఉండెను. ఇతర సంస్థలు చేసిన కార్డులు కూడ ఆ గాడులలో ఇమిడెను. ఒకరు చేసిన పలకలో వేరొకరు చేసిన భాగము పనిచేయుట అను ఈ గుణమే డెస్క్‌టాప్ కంప్యూటరు ఇంటింటికి వ్యాపించుటకు ఒక ముఖ్యకారణము.

1995లో ఇంటెల్ సంస్థ ఏ.టి.ఎక్స్. అను కొలతను నిర్ణయించినది. దాని ప్రకారము పూర్తి బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 మిల్లీమీటర్ల వెడల్పు ఉండును. మైక్రో ఏ.టి.ఎక్స్. బోర్డు 244 మిల్లీమీటర్ల చదరము. మరలు బిగించు రంధ్రముల స్థానములు కూడ నిర్ణీతములే. అందుచేతనే ఇరువది సంవత్సరముల నాటి పెట్టెలో నేటి బోర్డును బిగింపవచ్చును.

పలక లోపలి దారులు

పైకి ఒకే అట్టవలె కనబడు ఈ పలక నిజమునకు అనేక పొరల కూర్పు. గాజునూలు బట్టను ఎపాక్సీ జిగురుతో గట్టిపరచి, దానిపై రాగి రేకును అంటింతురు. అక్కరలేని రాగిని రసాయనములతో కరగించి తీసివేయగా మిగిలిన సన్నని గీతలే తీగలు. ఇట్టి పొరలను 4, 6, 8 చొప్పున ఒకదానిపై నొకటి అమర్చి అదిమెదరు. కొన్ని పొరలు సంకేతములకు, కొన్ని విద్యుచ్ఛక్తికి, కొన్ని భూసంధానమునకు వినియోగపడును.

పొరలు ఎక్కువ ఎందులకు? దీనికి సమాధానము చిన్న లెక్కలో కలదు. కొత్త బోర్డులపై కనబడు పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ 5వ తరము దారిలో సెకనుకు 3,200 కోట్ల బిట్లు పోవును. అనగా ఒక్కొక్క బిట్టుకు లభించు కాలము సెకనులో 3,200 కోట్లవ వంతు మాత్రమే. పలకలోని రాగిగీతపై విద్యుత్సంకేతము నానోసెకనునకు, అనగా సెకనులో 100 కోట్లవ వంతునకు, సుమారు 15 సెంటీమీటర్లు నడచును. ఈ రెంటిని గుణించినచో ఒక్కొక్క బిట్టు ఆక్రమించు స్థలము సుమారు 4.7 మిల్లీమీటర్లు. ప్రాసెసరునుండి గాడివరకు 15 సెంటీమీటర్ల దారి యున్నచో, మొదటి బిట్టు గమ్యము చేరక మునుపే దాని వెనుక 30కి పైగా బిట్లు దారిలో నడచుచుండును.

ఇంత త్వరితముగ పోవు సంకేతములు ప్రక్క తీగలలోనికి అలజడిని పంపును. గీత ఒక్కసారిగా ఇరుకైనను, చీలినను, కాలువనీరు గట్టును కొట్టి వెనుకకు మరలినట్లు సంకేతములో కొంతభాగము వెనుకకు మరలును. రెండు సంకేతపు పొరలమధ్య భూసంధానపు రాగిపొరను ఉంచుట ఇందులకే. బోర్డుపై కొన్ని గీతలు వంకరటింకరగా మెలికలు తిరిగియుండుట చూచిన విద్యార్థి అది అలంకారమని భ్రమపడరాదు. ఒకేమారు బయలుదేరిన సంకేతములు ఒకేమారు చేరుటకై పొట్టిగీతకు మెలికలు పెట్టి పొడవుగీతతో సమానము చేయుదురు.

లేన్ల పంపకము

1992లో వచ్చిన పి.సి.ఐ. పద్ధతిలో గాడులన్నిటికిని ఒకే దారి. సెకనుకు 133 మెగాబైట్ల సామర్థ్యమును కార్డులన్నియు వంతులవారీగా పంచుకొనవలెను. 2003లో ఆరంభమైన పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ ఈ పద్ధతిని మార్చినది. ప్రతి పరికరమునకు దానిదే అయిన దారిని ఇచ్చినది. ఒక్కొక్క దారిని లేను అందురు. 3వ తరములో ఒక లేనుపై సెకనుకు సుమారు 1 గిగాబైటు, 4వ తరములో సుమారు 2, 5వ తరములో సుమారు 4 గిగాబైట్లు ఒక్కొక్క దిశలో పోవును. గ్రాఫిక్స్ కార్డుకు 16 లేన్లు, వేగవంతమైన ఎస్.ఎస్.డి.కి 4 లేన్లు ఇచ్చుట సాధారణము.

ఒక నిజమైన ఉదాహరణమును తీసికొందము. ఏ.ఎం.డి. సంస్థ 2024 జూనులో తైపే నగరపు ప్రదర్శనలో ఎక్స్ 870, ఎక్స్ 870ఇ అను చిప్‌సెట్లను ప్రకటించినది. వానితో చేసిన బోర్డులు 2024 సెప్టెంబరు 30న అమ్మకమునకు వచ్చినవి. ఈ బోర్డులలో 5వ తరపు గ్రాఫిక్స్ గాడియు, సెకనుకు 40 గిగాబిట్ల యు.ఎస్.బి. 4 ద్వారమును తప్పనిసరి. పట్టికలో చూచినచో ద్వారములు, గాడులు బహుళము. కాని వీనికి లేన్లు ఎక్కడనుండి వచ్చును?

వీనిలో బిగించు రైజెన్ 9000 వరుస డెస్క్‌టాప్ ప్రాసెసరుకు మొత్తము 28 లేన్లు కలవు. అందులో 16 గ్రాఫిక్సునకు, 4 మొదటి ఎస్.ఎస్.డి.కి, 4 ఇతర అవసరములకు, మిగిలిన 4 చిప్‌సెట్టుతో సంబంధమునకు. "ఇతర అవసరములకు" అనిన ఆ నాలుగింటిని రెండవ ఎస్.ఎస్.డి.కి ఈయవచ్చును, లేదా యు.ఎస్.బి. 4 నియంత్రణ చిప్పునకు ఈయవచ్చును. రెంటికిని నిండుగా ఈయ వీలులేదు. యు.ఎస్.బి. 4 తప్పనిసరి యైనందున కొన్ని బోర్డులలో రెండవ ఎస్.ఎస్.డి.ని బిగించినచో గ్రాఫిక్స్ గాడి 16 లేన్లనుండి 8కి దిగును. మరికొన్నిటిలో యు.ఎస్.బి. 4 వేగము తగ్గును. ఈ సంగతి పెట్టెమీద పెద్ద అక్షరములలో ఉండదు. పట్టిక అడుగున చిన్న అక్షరములలో ఉండును. గ్రాఫిక్స్ గాడి 8 లేన్లకు దిగినను ఆటలలో తేడా సామాన్యముగా స్వల్పమే. అయినను కొనువానికి ముందుగా తెలిసి యుండుట న్యాయము.

చిప్‌సెట్టు సంగతి ఇంకను గమనింపదగినది. అది ప్రాసెసరును 4వ తరపు 4 లేన్లతో, అనగా సెకనుకు సుమారు 8 గిగాబైట్ల దారితో చేరును. దాని క్రింద మూడవ ఎస్.ఎస్.డి., నాల్గవ ఎస్.ఎస్.డి., వలతీగ, అనేకమైన యు.ఎస్.బి. ద్వారములు ఉండవచ్చును. సెకనుకు 7 గిగాబైట్లు చదువగల ఎస్.ఎస్.డి.లు రెండు ఒకేసారి పనిచేసినచో 14 కావలెను. తూము 8 మాత్రమే ఇచ్చును. ఎక్స్ 870ఇ బోర్డులో చిప్‌సెట్టు రెండు చిప్పులు. రెండవ చిప్పు నేరుగా ప్రాసెసరును చేరదు. మొదటి చిప్పు ద్వారానే చేరును. అది చివరి ఆయకట్టు వంటిది. గాడులు పెరిగినవి గాని తూము పెరుగలేదు. అన్ని పరికరములును ఒకేసారి పూర్తివేగముతో పనిచేయుట అరుదు గనుక ఈ ఏర్పాటు తప్పు కాదు. ముఖ్యమైన ఎస్.ఎస్.డి.ని ఎగువనున్న గాడిలో, అనగా ప్రాసెసరుతో నేరుగా సంబంధముగల గాడిలో బిగించుట వివేకము.

మెమరీ పలకల విషయములోను ఇట్టి సూక్ష్మము కలదు. బోర్డు పెట్టెపై సెకనుకు 8,000 మెగా ట్రాన్స్‌ఫర్లు అని ఉండవచ్చును. కాని రైజెన్ 9000 ప్రాసెసరుకు సంస్థ నిర్ణయించిన హద్దు రెండు డి.డి.ఆర్. 5 పలకలున్నప్పుడు 5,600. నాలుగు గాడులను నింపినప్పుడు 3,600 మాత్రమే. దానికి మించినది ప్రయత్నము, పూచీ కాదు. ఒకే తీగకు రెండు పలకలు తగిలించినచో చీలికవద్ద సంకేతము మరలుటచే వేగము తగ్గింపవలసి వచ్చును. పాఠశాలకు 32 గిగాబైట్ల మెమరీ కావలసినచో 8 గిగాబైట్ల పలకలు నాలుగు కొనుటకంటె 16 గిగాబైట్ల పలకలు రెండు కొనుట మేలు.

విద్యుచ్ఛక్తి అడుగు దూరములో ఎందుకు మారును?

ప్రాసెసరు చుట్టును నల్లని చిన్న ఘనములు, వానిపై లోహపు దిమ్మలు ఉండును. ఇది వోల్టేజి నియంత్రకము. విద్యుత్సరఫరా పెట్టె 12 వోల్టులు ఇచ్చును. ప్రాసెసరుకు కావలసినది సుమారు 1.2 వోల్టు. పెట్టెలోనే 1.2 వోల్టు తయారుచేసి పంపరాదా అని విద్యార్థి అడుగవచ్చును. ప్రాసెసరు 120 వాట్లు వినియోగించునని అనుకొందము. 12 వోల్టుల వద్ద ప్రవాహము 10 ఆంపియర్లు. 1.2 వోల్టు వద్ద 100 ఆంపియర్లు. దారి నిరోధము ఓములో వెయ్యవ వంతు అనుకొన్నను, వేడిగా పోవు శక్తి ప్రవాహపు వర్గమును నిరోధముచే గుణించినంత. మొదటి దానిలో 0.1 వాటు, రెండవ దానిలో 10 వాట్లు. ప్రవాహము పదింతలైన నష్టము నూరింతలు. గ్రామములకు విద్యుత్తును అధిక వోల్టేజితో తెచ్చి, చేని ప్రక్కన ట్రాన్స్‌ఫార్మరుతో తగ్గించుటకు కారణము ఇదియే. బోర్డుపై ప్రాసెసరు ప్రక్కనే వోల్టేజి తగ్గించుటకును ఇదియే కారణము.

ఇచ్చట ప్రవాహము ఏకముఖమైనది గనుక ట్రాన్స్‌ఫార్మరు పనికిరాదు. ట్రాన్సిస్టరు మీటవలె సెకనుకు లక్షలమార్లు తెరచుకొనుచు మూసికొనుచుండును. పదింట ఒక వంతు కాలము మాత్రమే 12 వోల్టులను వదలినచో సగటు 1.2 వోల్టు. మధ్యనున్న తీగచుట్టయు, కెపాసిటరును ఈ కుదుపులను సమముచేయును. ఒకే మార్గము 100 ఆంపియర్లు మోయలేదు గనుక పది మార్గములు వంతులవారీగా పనిచేయును. వీనినే దశలు, లేక ఫేజులు అందురు. పై లెక్కలోని నిరోధమే ఒక్కొక్క మార్గమునకు ఉన్నను, మార్గమునకు 10 ఆంపియర్లు చొప్పున నష్టము 0.1 వాటు, పదింటికి కలిపి 1 వాటు. ఒకే మార్గములో అది 10 వాట్లు.

అందుచే పట్టికలలో ఫేజుల సంఖ్యను ఘనముగా చెప్పుదురు. అయితే సంఖ్య ఒక్కటే చాలదు. ఒక్కొక్క ఫేజు మోయగల ఆంపియర్లు ఎన్ని, దాని వేడిని తీయు లోహపు దిమ్మ ఎంతటిది అను ప్రశ్నలు వేయవలెను. 65 వాట్ల ప్రాసెసరు పెట్టదలచిన పాఠశాలకు 170 వాట్ల ప్రాసెసరు నుద్దేశించిన బోర్డు అనవసరమగు ఖర్చు.

ఎండ, దుమ్ము

ప్రకాశం జిల్లాలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుట వింత కాదు. గాలి చల్లబరచిన ప్రయోగశాలలో పరీక్షింపబడిన బోర్డు దర్శిలో రేకుల కప్పుక్రింద పనిచేయవలసి రావచ్చును. ద్రవము నింపిన కెపాసిటరుకు ఒక స్థూలనియమము కలదు: ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గిన దాని ఆయువు రెట్టింపగును. 105 డిగ్రీలవద్ద 5,000 గంటలు అని గుర్తించిన కెపాసిటరు 75 డిగ్రీలవద్ద 40,000 గంటలు, 65 డిగ్రీలవద్ద 80,000 గంటలు నడచునని అంచనా. పెట్టెలో 10 డిగ్రీల వేడి తగ్గించుట బోర్డు ఆయువును అదనముగా కొనుటతో సమానము. మంచి బోర్డులలో వాడు ఘన పాలిమర్ కెపాసిటర్లలో ఎండిపోవు ద్రవము లేదు గనుక అవి వేడికి మరింత ఓర్చును.

వేడికి తోడు దుమ్ము. ప్రత్తి తీతల కాలమున గాలిలో తేలు నూగు, మిరప కళ్లముల దుమ్ము ఫ్యానుల రెక్కలకును, లోహపు దిమ్మల సందులకును అంటుకొని గాలిని అడ్డగించును. దుమ్ము తేమను పీల్చినచో సన్నని కాళ్లమధ్య విద్యుత్తు జారుటకు దారియగును. యంత్రమును ఆపి, తీగ ఊడదీసి, మెత్తని కుంచెతో శుభ్రపరచుటకు ఖర్చేమియు లేదు. ఫ్యానును వ్రేలితో పట్టుకొని ఊడ్చవలెను. విద్యుత్సరఫరా పెట్టెను మాత్రము విద్యార్థులు విప్పరాదు. తీగ ఊడదీసిన పిమ్మటకూడ దానిలోని కెపాసిటర్లలో ప్రమాదకరమగు విద్యుత్తు నిలిచియుండును.

బోర్డుపైనున్న నాణెము వంటి 3 వోల్టుల బ్యాటరీ సంగతియు తెలిసికొనదగినది. దాని గుర్తు సి.ఆర్. 2032, వ్యాసము 20 మిల్లీమీటర్లు. యంత్రము ఆగియున్నప్పుడు గడియారమును నడుపునది అదియే. వేసవి సెలవుల తరువాత యంత్రము తేదీని మరచి, ప్రతిమారు ఆరంభములో నిలిచి ప్రశ్నించినచో బోర్డు పాడైనదని నిర్ణయింపరాదు. ముందుగా ఈ చిన్న బ్యాటరీని మార్చి చూడవలెను.

సాకెట్టు ఆయువు

ప్రాసెసరు కూర్చుండు పీఠమే సాకెట్టు. ఏ.ఎం.డి. వారి ఏఎమ్ 4 సాకెట్టుకు 1,331 రంధ్రములు. 2022లో వచ్చిన ఏఎమ్ 5 సాకెట్టులో 1,718 స్పర్శములు. ఏఎమ్ 5లో సూదులు ప్రాసెసరుకు కాక సాకెట్టుకే ఉండును. వంగిన సూది బోర్డునే చెరచును గనుక బిగించునప్పుడు జాగ్రత్త అవసరము. 2017లో ఏఎమ్ 4 బోర్డు కొన్నవారిలో అనేకులు బయోస్ అను ఆరంభ కార్యక్రమమును మార్చుకొని, 2020లో వెలువడిన రైజెన్ 5000 వరుస ప్రాసెసరును అదే బోర్డులో బిగించుకొనగలిగిరి. ఏఎమ్ 5 సాకెట్టును 2027 వరకును, ఆ పైనను కొనసాగింతుమని సంస్థ 2024లో ప్రకటించినది. ఇంటెల్ వారు 2021లో తెచ్చిన 1,700 స్పర్శముల సాకెట్టు స్థానమున 2024 అక్టోబరులో జెడ్ 890 బోర్డులతో 1,851 స్పర్శముల సాకెట్టును తెచ్చిరి. పాత బోర్డులో కొత్త ప్రాసెసరు ఇమడదు. కొత్త బోర్డులో పాతది ఇమడదు.

బయోసును మార్చుచుండగా కరెంటు పోయినచో బోర్డు మేల్కొనకపోవచ్చును. ప్రాసెసరు లేకుండగనే బయోసును తిరిగి వ్రాయగల ప్రత్యేకపు మీట కొన్ని బోర్డులపై కలదు. వేళతప్పి కరెంటు పోవు ఊళ్లలో రంగుదీపములకంటె ఈ చిన్న మీట విలువైనది. యు.పి.ఎస్. లేనిదే ఈ పనికి పూనుకొనకుండుట మరియు ఉత్తమము.

ఎంపికకు ఐదు ప్రశ్నలు

కొత్త బోర్డు పట్టికను చేతబట్టిన ఉపాధ్యాయుడు తరగతిలో విద్యార్థులచే ఈ ప్రశ్నలకు సమాధానములు వెదకింపవచ్చును. ప్రాసెసరుతో నేరుగా సంబంధముగల గాడులు ఏవి, చిప్‌సెట్టు క్రింద ఉన్నవి ఏవి? ఒక గాడిని నింపినచో మరియొక గాడి లేన్లను కోల్పోవునా? వోల్టేజి నియంత్రకము పెట్టదలచిన ప్రాసెసరుకు సరిపడునా? మెమరీ వేగము పూచీపడినదా, ప్రయత్నించి చూడవలసినదా? సాకెట్టులో తరువాతి ప్రాసెసరుకు చోటు కలదా?

పాడై మూలబడిన బోర్డు ఒకటి చాలు, ఈ పాఠము కనులయెదుట నిలుచుటకు. గాడినుండి బయలుదేరిన రాగిగీతలు ప్రాసెసరువైపు పోవునో, చిప్‌సెట్టువైపు పోవునో విద్యార్థులు గమనింపవచ్చును. మెలికల గీతలను లెక్కింపవచ్చును. నియంత్రకపు తీగచుట్టలను లెక్కించి ఫేజుల సంఖ్యను ఊహింపవచ్చును. ఈ అభ్యాసమైన పిదప పట్టికలోని పెద్ద అంకెలు వారిని మోసగింపజాలవు. చేను ఎంత పెద్దదైనను, నీరు తూము నడిగి చూడవలెను. బోర్డుపై గాడులెన్ని యున్నను, వాని వేగము లేన్ల నడిగి చూడవలెను.